నేను ఎంచుకున్న కామారెడ్డి, అతనికి దక్కిన ఎల్లారెడ్డి

రాజేశ్వర్ మంచివాడు. ఈ మాట ముందుగా రాసేస్తే తర్వాత రాయబోయేవి రాయడం నాకు తేలికవుతుంది. బ్యాంకులో గుమాస్తా, ముప్పై దాటలేదు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. హైదరాబాదులోని మా చుక్కల సంఘంలో చేరి రెండేళ్ళే అయింది. నేను చేరి పన్నెండేళ్ళు. బళ్ళో లెక్కలు చెప్పి ఇంటికొచ్చాక రోజూ రెండు గంటలు, పదకొండు నెలలపాటు, నా చేతులతో అద్దం అరగదీసి టెలిస్కోపు తయారు చేసుకున్నవాణ్ణి నేను. అతని టెలిస్కోపు సింగపూర్ నుంచి వాళ్ళన్న పంపాడు. తెల్లగా మెరుస్తూ, తోలుపెట్టెలో వచ్చింది. ఆ పెట్టె చూసిన రోజు నుంచీ నాకు కడుపుమంటే. ఎనభైల మధ్యలో ఒక చలికాలం మేమిద్దరం చేసిన మూడు రోజుల ప్రయాణం ఇది.

మేం వెళ్ళింది ఒక చుక్క ఆరిపోవడం చూడటానికి. సూర్యుడి చుట్టూ గ్రహాలతోపాటు వేలకొద్దీ రాళ్ళు తిరుగుతుంటాయి, గ్రహశకలాలంటారు. ఎప్పుడైనా ఒక రాయి సరిగ్గా ఒక నక్షత్రానికి అడ్డం వస్తే ఆ నక్షత్రం కొన్ని సెకన్లు కనబడకుండా పోతుంది. అందరికీ కాదు. చేను మీద మబ్బునీడ జరిగినట్టు ఆ రాయి నీడ భూమి మీద ఒక పట్టీలాగా సాగిపోతుంది. ఆ పట్టీలో నిలబడినవాడికే చుక్క ఆరుతుంది. ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, సెకన్లతో సహా రెండు మూడు ఊళ్ళ నుంచి రాసి పంపితే రాయి ఎంత పెద్దదో తేలుతుంది. చుక్క ఆరకపోయినా రాసి పంపాలి, నీడ అక్కడిదాకా రాలేదని దాంతో తెలుస్తుంది. ఈ రెండోరకం చీటీలు పన్నెండేళ్ళలో నాలుగు పంపాను. మొదటిరకం ఒక్కటీ లేదు.

సంఘం పెద్దాయన ఇచ్చిన పటంలో నీడ మధ్యగీత కామారెడ్డి మీదుగా పోతోంది. ఒకరు అక్కడ ఉండాలి. గీత పక్కకు జరిగితే పట్టుకోవడానికి రెండో మనిషి పడమటి వైపు ఎల్లారెడ్డిలో ఉండాలి. ఎవరెక్కడన్నది మీరే తేల్చుకోండి అన్నాడాయన.

చిన్నలైను బండిలో

సికింద్రాబాదులో పొద్దున్నే బండెక్కాం. నా టెలిస్కోపు రేకుగొట్టం, నల్లరంగు పూసి దుప్పట్లో చుట్టాను. సీటు కింద పట్టక నడవలో పెడితే, మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్ వెళ్ళే ఒక రైతు వచ్చి దాని మీదే కూర్చున్నాడు.

"లే బాబూ, లే!" అని అరిచాను.

"బోరు పైపా సారూ?" అని తాపీగా లేచాడు. సగం తెలుగు, సగం మరాఠీ. చుక్కలు చూసే యంత్రమని చెప్పాను. నా గొట్టాన్నీ, రాజేశ్వర్ ఒళ్ళోని తోలుపెట్టెనూ మార్చి మార్చి చూశాడు. పెట్టె తెరిపించి మరీ చూశాడు. "గిదైతే ఒప్పుకుంట. గదైతే పైపే" అన్నాడు.

రాజేశ్వర్ నవ్వు ఆపుకున్నాడు. ఆపుకోవడమే నాకు ఒళ్ళు మండించింది. ఆ రైతు మూట విప్పి మాకు చెరొక భాకరి, అంటే మందపాటి జొన్నరొట్టె, ఇచ్చాడు. దాని మీద పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి దంచిన ముద్ద. మా ఇంట్లో కారం అన్నంలో కలుపుకుంటాం, వాళ్ళు రొట్టె మీద వెన్నలాగా రాసుకుంటారు. నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. రాజేశ్వర్ ఇంకో ముక్క అడిగి తీసుకున్నాడు.

మేడ్చల్ దాటాక అసలు మాట ఎత్తాడు. "అన్నా, కామారెడ్డిల మా చిన్నమ్మ ఉన్నది. ఎల్లారెడ్డిల నాకు ఒక్కడు ఎరుక లేడు. నేను గాడనే దిగుత, నువ్వు ముందల పోతవా?"

ఎంత న్యాయమైన మాట! నాకు ఎల్లారెడ్డి అయినా కామారెడ్డి అయినా ఒకటే, రెండుచోట్లా నాకెవరూ లేరు. "పెద్ద టెలిస్కోపు గీత మీద ఉండాలి రాజేశ్వర్. పని ముఖ్యం" అన్నాను. పెద్ద టెలిస్కోపు నాది. అందులో అబద్ధం లేదు. నిజం కూడా పెద్దగా లేదు. అతను తోలుపెట్టె ఒళ్ళో సర్దుకుని, "సరే అన్నా, నువ్వే ఉండు. చిన్నమ్మ ఇంట్లనే ఉండు" అన్నాడు.

చోటు లాక్కున్నవాడికి ఇల్లు కూడా ఇచ్చాడు. ఇలాంటివాళ్ళతో స్నేహం చాలా కష్టం.

కామారెడ్డి, నర్సవ్వ ఇల్లు

రాజేశ్వర్ నన్ను చిన్నమ్మకు అప్పజెప్పి, అన్నం తిని, మధ్యాహ్నం బస్సుకు ఎల్లారెడ్డి వెళ్ళిపోయాడు. ఆమె పేరు నర్సవ్వ. అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్ళతో కలిసి బీడీలు చుడుతుంది. తునికాకును కత్తెరతో ఒకే కొలతకు కత్తిరించడం, చిటికెడు పొగాకు పోయడం, చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం, ఇదంతా ఆమె చాటలోకి చూడకుండానే చేస్తుంది. చూపంతా ఎదుటి మనిషి మొహం మీదే ఉంటుంది. మా వీధిలో చుట్టమొస్తే కుర్చీ వేసి, క్షేమసమాచారాలయ్యాక కాఫీ సంగతి ఎత్తుతారు. ఇక్కడ "బువ్వ తిన్నవా బిడ్డా?" అని అడగడం, నేను జవాబు చెప్పేలోగా పళ్ళెం పెట్టడం ఒకేసారి జరిగిపోయాయి. జొన్నరొట్టె, పుంటికూర (మా గోంగూరే) పప్పు, పచ్చిపులుసు.

రాజేశ్వర్ హైస్కూలు చదువంతా ఆ ఇంట్లోనే సాగిందట. అతను అటు వెళ్ళగానే మొదలుపెట్టింది. "మా రాజుగాడు ఒక్కనాడు అబద్ధం ఆడలే. సైకిలు పోగొట్టిండు, వచ్చి పోగొట్టిన అన్నడు. మా ఆయన కొట్టిండు. అయినా గదే మాట."

"అతనితో ఎప్పుడైనా చెప్పారా ఈ మాట?"

"మొకం ముందల చెప్తరా ఎవలన్న? నెత్తికెక్కుతది."

రెండు పూటలా రొట్టెలతోపాటు రాజేశ్వర్ గుణగణాలు కూడా తిన్నాను. రొట్టెలే తేలిగ్గా అరిగాయి.

మర్నాడు బజారుకు వెళ్ళాను. బెల్లం మండీ వైపు వెళితే ఊపిరి పీల్చినా నోరు తియ్యనవుతుంది. రూపాయికి నాలుగు మిరపకాయ బజ్జీలు, ఒక్కొక్కటీ జానెడు. మా దగ్గర అదే రూపాయికి రెండు ఇచ్చి, ఉల్లిపాయ అడిగితే మొహం చిట్లిస్తారు. రేడియోకూ టేప్‌రికార్డరుకూ కొత్త బ్యాటరీలు కొన్నాను. ఎంతకాలం నుంచి కొట్లో ఉన్నాయో అడగలేదు. అది నా తప్పే.

సాయంత్రానికి పెద్ద చిక్కు వచ్చింది. పక్క సందులో పెళ్ళిపందిరి వేశారు. వరసగా ట్యూబులైట్లు. వెలుగంతా నర్సవ్వ డాబా మీదే పడుతోంది. నేను వెళ్ళి, ఏడున్నర దాటాక ఆరంటే ఆరు నిమిషాలు దీపాలు ఆర్పమని ఆ ఇంటి పెద్దను అడిగాను.

"పెండ్లింట్ల దీపాలు ఆర్పుమంటున్నవా? ఏం మనిషివయ్యా నువ్వు?" అన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను పైకీ కిందకీ చూశారు. ఇంకోచోటైతే కొట్టేవారు. ఇక్కడ చేతిలో లడ్డూ పెట్టి పంపించారు.

నర్సవ్వ సంగతి విని లేచింది. ఆకు తెచ్చుకునే గోనెసంచులు పదీ పన్నెండూ డాబా మీద తాడుకు ఆరేసింది. చీకటి నిలిచింది.

డాబా మీద

ఈ పనికి ఢిల్లీ నుంచి వచ్చే గడియారపు టిక్కులు కావాలి. రేడియోలో ఒకచోట పాటలూ వార్తలూ ఏమీ లేకుండా సెకనుకొక టిక్కు వస్తూ ఉంటుంది. ఆ టిక్కులూ మన గొంతూ ఒకే టేపు మీద పడాలి. చుక్క పోగానే "పోయింది" అంటాం, రాగానే "వచ్చింది" అంటాం. తర్వాత టేపు తిప్పి టిక్కులు లెక్కపెట్టుకుంటాం.

ఏడూ నలభైకి ముహూర్తం. మూడు నిమిషాల ముందే కన్ను ఆనించాను. కుడికన్ను టెలిస్కోపు దగ్గర ఉన్నా ఎడమకన్ను తెరిచే ఉంచుతాం, మూస్తే రెండూ త్వరగా అలిసిపోతాయి. రేడియో ముఖం మీద చిన్న వెలుగు తప్ప ఇంకేమీ లేదు. నర్సవ్వ మెట్ల పక్కన చాట పెట్టుకుని కూర్చుంది. మాట్లాడొద్దని చెప్పాను. చలికి దుప్పటి కప్పుకుని చీకట్లోనే బీడీలు చుడుతోంది.

ఏడూ నలభై అయింది. చుక్క ఉంది. పది సెకన్లు, ఇరవై సెకన్లు. ఉంది. ఐదో చీటీ కూడా పాతవాటిలాగే రాయాల్సి వస్తుందనుకున్నాను. రెప్ప వేస్తే ఆ క్షణమే పోతుందేమోనని వేయకుండా పట్టుకున్నాను. కళ్ళల్లో మంట, నీళ్ళు.

"పోయింది!" అని అరిచాను. "వచ్చింది!"

అంతే. సెకను ఉంటుందేమో. మూడు నిమిషాలు గడిచేదాకా కదలకుండా నిలబడి, తర్వాత నర్సవ్వ రెండు చేతులూ పట్టుకుని, "దొరికింది! నాకు దొరికింది!" అన్నాను. మా ఇంట్లో పెద్దవాళ్ళ చేతులు కూడా నేనలా ఎప్పుడూ పట్టుకోలేదు. ఆమె నా మొహంలోకి చూసి, "చలి పెడ్తున్నది, కిందికి రా" అంది.

చీటీ రాద్దామంటే టేపు తిరగలేదు, బ్యాటరీలు చచ్చాయి. సెకనెంతో కొలవకుండా రాయకూడదు. రాసి సంతకం పెట్టేదాకా ఒకరి సంగతి ఒకరు అడక్కూడదన్నది కూడా మా సంఘం కట్టుబాటు, ఒకరి మాట విని ఇంకొకరు దిద్దుకోకుండా. చీటీ జేబులో పెట్టుకుని పడుకున్నాను. నిద్ర పట్టేముందు ఒక్కటే ఆలోచన. రాజేశ్వర్‌కు దొరికి ఉండదు. ఎంత హాయిగా నిద్రపోయానో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఎల్లారెడ్డి

నిజాంసాగర్ వెళ్ళే బస్సెక్కాను. దారి పొడవునా అతన్ని ఎలా ఓదార్చాలో మాటలు కూర్చుకున్నాను. "ఫరవాలేదు రాజేశ్వర్, నీకింకా వయసుంది" అన్నది బాగా నచ్చి రెండుసార్లు లోపల అనుకున్నాను.

ఎల్లారెడ్డి బస్టాండులో చాయ్ తాగుతూ, టెలిస్కోపుతో వచ్చిన ఒకాయన ఎక్కడ దిగాడని హోటలు మనిషిని అడిగాను.

"చుక్కను ఆర్పిన సారేనా?" అన్నాడతను. "ఖాజా టైలర్ కాడ ఉన్నడు. మీరు చాయ్ పైసలు ఇయ్యకున్రి, ఆ సారు దోస్తులైతే."

చాయ్ సగంలోనే వదిలి, పైసలు బల్ల మీద పెట్టి లేచాను.

రాజేశ్వర్ మొన్న బస్సు దిగి, తలమీద కప్పుకోవడానికి ఒక నల్లగుడ్డ కుట్టించుకుందామని ఆ కొట్టుకు వెళ్ళాడట. ఎందుకని ఖాజా అడగడం, ఇతను చెప్పడం, అంతే. కుట్టుకూలీ తీసుకోలేదు. మకాం మేడ మీదే ఇచ్చాడు. ఇదంతా ఖాజాయే చెప్పాడు. నలభై ఏళ్ళ మనిషి, మెడలో కొలతల టేపు, నోట్లో పాన్. నన్ను చూడగానే మిషను ఆపేసి లేచాడు.

"ఆయియే సార్, కూసోండ్రి. నిన్న తమాషా అయింది. మా తమ్ముడు దుబాయ్ నుంచి పంపిన టూ-ఇన్-వన్ ఉన్నది, ఢిల్లీ టిక్కులు పక్క ఇంట్ల గడియారం లెక్క వినొచ్చినయ్. గల్లీ మొత్తం బత్తీలు బంద్ చేయించిన. సార్ 'పోయింది' అన్నడు. నేను వేళ్ళ మీద గిన్తీ పట్టిన. ఏడు! ఏడు టిక్కులయినంక 'వచ్చింది' అన్నడు. గల్లీల అందరు చప్పట్లు కొట్టిన్రు."

ఏడు సెకన్లు. నాకు పెళ్ళివాళ్ళ తిట్లు, అతనికి వీధి వీధంతా చీకటి. నాకు చచ్చిన బ్యాటరీలు, అతనికి దుబాయ్ రేడియో. రాజేశ్వర్ కొట్టు వెనక నుంచి వచ్చి, నన్ను చూసి, నోటి మీద వేలు పెట్టుకున్నాడు. "అన్నా, నువ్వు రాసినవా? నువ్వు రాసి సంతకం పెట్టినంకనే నేను చెప్త" అన్నాడు. ఊరంతా చెప్పేసిన సంగతి తెలియనట్టు, మొహం సంతోషంతో ఉబ్బిపోతున్నా పెదవులు బిగపట్టుకుని నిలబడ్డాడు. అతను గొప్పలు చెప్పి ఉంటే నాకెంతో బాగుండేది. అసహ్యించుకోవడానికి ఒక దారి దొరికేది.

ఖాజా ఇంట్లోంచి కిచిడీ, ఖీమా, పుల్లటి ఖట్టా వచ్చాయి. మనం కిచిడీ జ్వరం వచ్చినవాళ్ళకు పెడతాం, వాళ్ళు పొద్దున్నే పండగలాగా తింటారు. రుచి తెలియకుండా తిన్నాను. మనసంతా నా ఒక్క సెకను మీదే. నీడ పడమటికి జరిగిందన్నమాట. జరిగితే జరగనీ, దాని అంచు నా మీద తగిలింది. అతనికి ఏడు, నాకు ఒకటి. ఒకటి కూడా అంకే కదా.

ఎర్ర మీట

రేడియో, టేపు రెండూ ఉన్న ఆ టూ-ఇన్-వన్ ఖాజా తెచ్చి నా ముందు పెట్టాడు. బజారు చప్పుడు వినబడకుండా, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను కూడా ఇచ్చాడు. నా క్యాసెట్టు పెట్టి తిప్పాను. టిక్కులు. నా ఊపిరి. టిక్కులు. "పోయింది!"

ఆ వెంటనే "వచ్చింది!" దానికి ఒక్క టిక్కు తర్వాత, నిన్న ఆ సంబరంలో నేను విననే వినని ఒక చిన్న గొంతు: "రెప్ప కొట్టినవ్ బిడ్డా."

మళ్ళీ తిప్పాను. రెప్ప కొట్టినవ్ బిడ్డా. మూడోసారి తిప్పాను. నర్సవ్వ చేతులు బీడీల మీద, చూపు నా మొహం మీద. రేడియో వెలుగులో నా ఎడమకన్ను ఆమెకు కనబడుతూనే ఉంది. నేను "పోయింది" అన్నప్పుడు అది మూసుకుంది. ఒకటి మూసుకుంటే రెండోదీ మూసుకుంటుంది. చుక్క ఎక్కడికీ పోలేదు. నా రెప్ప దానికి అడ్డం వచ్చింది. పన్నెండేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, పిల్లలకు చెబుతుంటాను, రెప్పను నమ్మొద్దని.

టూ-ఇన్-వన్ మీద మీటలన్నీ నల్లవి, రికార్డింగుది ఒక్కటే ఎరుపు. దాన్ని రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటే నర్సవ్వ గొంతు చెరిగిపోతుంది. నా "పోయింది, వచ్చింది" మిగులుతాయి. పది అడుగుల దూరంలో రాజేశ్వర్ ఖాజాతో నవ్వుతున్నాడు. హెడ్‌ఫోను నా చెవులకే ఉంది. రాయి ఉన్నదానికన్నా కొన్ని మైళ్ళు పెద్దదని ఎక్కడో ఎవరో రాసుకుంటారు. రాయికి నొప్పేమీ ఉండదు. రాజేశ్వర్ పేరు పక్కన నా పేరు ఉంటుంది. వేలు ఎర్ర మీట మీదికి వెళ్ళింది. చాలాసేపు అక్కడే ఉంది.

మీట నొక్కలేదు. గొప్పతనమేమీ కాదు. అదే గొంతు ఆ రెండు రోజులూ నాకు పళ్ళెం పెట్టి "తిను బిడ్డా" అన్నది. దాన్ని చెరపడానికి వేలు రాలేదు. చీటీ తీసి "నక్షత్రం కనుమరుగు కాలేదు" అని రాసి సంతకం పెట్టాను. పన్నెండేళ్ళలో ఐదోసారి.

రాజేశ్వర్ చీటీ చూశాడు. అతని మొహం నిజంగా వాడిపోయింది. "నీకు రాలేదా అన్నా?" అన్నాడు. తన ఏడు సెకన్ల సంగతి చెప్పడం కూడా మరిచిపోయి నా పక్కన కూలబడ్డాడు. "నేను కామారెడ్డిల ఉంటా అని ఇంకా జర గట్టిగ అనేదుండె. నువ్వు ఎల్లారెడ్డిల ఉంటే నీకు దొరుకుతుండె."

కూర్చుకున్న ఓదార్పు మాటలు నా దగ్గర ఉండిపోయాయి. అతనివి మాత్రం అప్పటికప్పుడు పుట్టాయి. దానికీ అసూయ పడ్డాను.

మళ్ళీ కామారెడ్డి

సాయంత్రం బస్సుకు ఇద్దరం నర్సవ్వ ఇంటికి చేరాం. ఆడవాళ్ళు వెళ్ళిపోయారు, ఆమె ఒక్కతే అరుగు మీద బీడీలను కట్టలు కడుతోంది. రాజేశ్వర్ చెప్పుల్లోనే నిలబడి తన సంగతంతా చెప్పాడు. టైలరు, చీకటి, ఏడు టిక్కులు, చప్పట్లు. ఆమె దారం కొరుకుతూ, "మంచిది. కాళ్ళు కడుక్కో" అంది.

తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వేమని రాసినవ్ బిడ్డా?"

రాజేశ్వర్ పక్కనే ఉన్నాడు. రాత్రి ఆమె చేతులు పట్టుకుని నేను ఎగిరిన సంగతి అతనికి తెలియదు. తప్పించుకోవడానికి దారి లేదు. "చుక్క ఆరలేదని రాశాను" అన్నాను.

ఆమె చేతిలోని కట్ట పక్కన పెట్టింది. మూడు రోజుల్లో ఆమె తనంతట తాను పని ఆపి చేతులు ఖాళీ చేయడం చూసింది అదే మొదటిసారి. "రాత్రి దొరికింది దొరికింది అని చిన్న పోరని లెక్క ఎగిరినవ్. రెప్ప కొట్టినవ్ అంటే ఇనకపోతివి. ఇయ్యాల నీ చేత్తోని నువ్వే లేదని రాసుకొచ్చినవా?" అంది. తర్వాత రాజేశ్వర్‌ను చూస్తూ, "నీ సైకిలు ఎట్లైనా దొరకకపోతుండె, నిజం చెప్తే ఏం పోయింది నీకు? గీయన దొరికిందనుకున్నదాన్ని ఇడిసిపెట్టిండు. గిట్లాంటి మనిషిని నేను చూడలే" అంది.

సిగ్గుతో తల దించుకున్నాను. ఎర్ర మీట సంగతి ఆమెకు తెలియదు. చెబుదామని నోరు తెరిచాను కూడా.

అప్పుడు రాజేశ్వర్ గొంతు వినబడింది. నేనెప్పుడూ వినని గొంతు, బిరుసుగా, చిన్నపిల్లాడిలాగా ఉంది. "నన్ను ఒక్కనాడన్న గట్లన్నవా చిన్నమ్మా? నాకు ఏడు సెకన్లు దొరికితే కాళ్ళు కడుక్కోమంటివి."

తలెత్తి చూశాను. మెడ నరాలు బిగిశాయి, కళ్ళు ఎర్రబడ్డాయి, నా వంక ఎలా చూస్తున్నాడంటే, అద్దంలో ఆ చూపును నేను రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. నోరు మూసుకున్నాను. ఎర్ర మీట సంగతి చెప్పలేదు. నర్సవ్వ పెట్టిన రొట్టెలు నాలుగు, అడిగి మరీ ఐదోది వేయించుకుని తిన్నాను. రాజేశ్వర్ ఒక్కటే తిని లేచాడు.